ముక్కు దిబ్బడకి మొక్కల మందు చేసుకోవాలంటే ముందు ఒక స్టీలు పళ్లెం ఫ్రిజ్‌లో పెట్టండి

ముక్కు దిబ్బడకి ఇంట్లో ఏదైనా తయారు చేసుకుందామని కూర్చున్నవాళ్లు మొదట వెతికేది ఏ ఆకు, ఏ నూనె, ఎన్ని చుక్కలు అని. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఏడాది పాటు డబ్బాలకి డబ్బాలు బామ్ చేశాను, సీసాల్లో నూనెలు కలిపాను, చివరికి ఏది పనిచేసిందో ఏది చెయ్యలేదో చెప్పమంటే నీళ్లు నమిలే పరిస్థితి. ఎందుకంటే అసలు ముక్కు ఎందుకు మూసుకుపోతుందో నేను కనుక్కోలేదు, రాసుకున్న బామ్ దాన్ని నిజంగా తెరుస్తోందా లేక తెరుచుకున్నట్టు నాకు అనిపించేలా మాత్రమే చేస్తోందా అన్న ప్రశ్న నాకు తట్టనే లేదు. ఈ రెండూ వేరు. ఈ తేడా పట్టుకుంటే మిగతా పనంతా సులువు.

అందుకే మొదటి పనిముట్టు పొయ్యీ కాదు, గిన్నే కాదు, నున్నగా ఉన్న చిన్న స్టీలు పళ్లెం. ఐదు నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీసి, తుడిచి, నోరు మూసుకుని ముక్కు కింద అడ్డంగా పట్టుకుని మెల్లగా ఊపిరి వదలండి. పళ్లెం మీద రెండు ఆవిరి మచ్చలు పడతాయి, కుడి రంధ్రానికొకటి, ఎడమ రంధ్రానికొకటి. మూసుకుపోయిన వైపు మచ్చ చిన్నగా ఉంటుంది లేదా అసలు పడదు. ఫోనుతో ఫోటో తీసుకోండి, రెండు క్షణాల్లో ఆరిపోతుంది. ఇది నా కనిపెట్టుడు కాదులెండి, 19వ శతాబ్దం చివరి నుంచే డాక్టర్లు చల్లటి అద్దంతో, లోహపు పలకతో ఇదే పని చేశారు. కచ్చితమైన కొలత అని చెప్పను గానీ, మన మనసు చెప్పే మాటకి ఎదురు సాక్ష్యంగా మాత్రం భలే పనికొస్తుంది.

ముక్కు ఎందుకు మూసుకుపోతుంది

చాలామంది చీమిడి అడ్డుపడి అనుకుంటారు. కొంతవరకే నిజం. ముక్కు లోపల పక్క గోడల మీద చుట్టల్లా సన్నటి ఎముకలు ఉంటాయి, టర్బినేట్లు అంటారు, వాటి మీద మెత్తటి పొర, ఆ పొర నిండా స్పాంజి లాంటి రక్తనాళాలు. జలుబు చేసినా, దుమ్ము ఒంటికి పడకపోయినా ఆ నాళాల్లో రక్తం నిండి పొర ఉబ్బుతుంది, దారి ఇరుకైపోతుంది. అందుకే ఎంత చీదినా ఏమీ రాదు, అయినా ఊపిరాడదు. పడుకుంటే ఎక్కువవడానికి కారణం కూడా ఇదే, తల కిందికి దిగితే అక్కడ రక్తం మరింత నిలుస్తుంది. (తలగడ ఇంకొకటి వేసుకోవడం కూడా ఒక మందేనని నా లెక్క, ఖర్చు లేనిది.)

ఇంకో సంగతి ఉంది, ఇది తెలియకపోతే మీ ప్రయోగాలన్నీ తప్పుదారి పడతాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా చాలావరకు రెండు రంధ్రాలు ఒకేలా తెరుచుకుని ఉండవు. కొన్ని గంటలు ఒక వైపు ఉబ్బి, తర్వాత అది తగ్గి రెండో వైపు ఉబ్బుతుంది. 1895లో రిచర్డ్ కైజర్ అనే జర్మన్ డాక్టరు దీన్ని రాసి పెట్టాడు. జలుబులో ఇది కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. అంటే మీరు ఎనిమిదింటికి ఏదో రాసుకున్నారు, తొమ్మిదింటికి ఎడమ ముక్కు తెరుచుకుంది, ఆహా అనుకున్నారు. అది ఎలాగూ తెరుచుకునే టైమే అయి ఉండొచ్చు. పైగా మామూలు జలుబు వారం పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది కాబట్టి ఆరో రోజు మొదలుపెట్టిన ప్రతి మందూ బ్రహ్మాండంగా పనిచేసినట్టే కనిపిస్తుంది.

ఏ మొక్క ఏ పని చేస్తుంది

మొదట పుదీనా పువ్వు, అంటే మెంథాల్. ముక్కులో చల్లదనాన్ని పసిగట్టే ఒక గ్రాహకం ఉంది, పేరు టీఆర్‌పీఎం8, దాన్ని 2002లో గుర్తించారు. గుర్తించిన రెండు బృందాల పెద్దలు డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్. వేడి, చల్లదనం, స్పర్శ మనకి ఎలా తెలుస్తాయో తేల్చినందుకు 2021లో వాళ్లిద్దరికీ నోబెల్ వచ్చింది. మెంథాల్ ఆ గ్రాహకాన్ని నేరుగా తట్టి లేపుతుంది. చల్లగాలి బాగా లోపలికి పోతోందని మెదడు అనుకుంటుంది, హాయిగా ఉంటుంది. కానీ 1980లలో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో రొనాల్డ్ ఎకల్స్ బృందం గాలి ప్రవాహాన్ని కొలిచి చూస్తే, హాయి పెరిగింది గానీ ముక్కు దారి మాత్రం వెడల్పు కాలేదు. దీన్ని మోసం అనకండి. రాత్రి రెండింటికి నిద్రపట్టక దొర్లుతున్నవాడికి ఆ హాయి చాలా విలువైనది. కాకపోతే దాని పని అదీ, అంతే.

నీలగిరి తైలంలో అసలు సరుకు సినియోల్. దీనికి వాపు తగ్గించే గుణం కొంత ఉందని ఆధారాలున్నాయి. జర్మనీలో సైనసైటిస్ ఉన్న 152 మందికి సినియోల్ క్యాప్సూల్స్ రోజుకి మూడుసార్లు, పూటకి 200 మిల్లీగ్రాములు ఇచ్చి చేసిన పరీక్షలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ల కంటే వీళ్లకి బాగా తగ్గింది, 2004లో అది అచ్చయింది. ఇది చదివి ఎవరూ నీలగిరి తైలం తాగకండి. అది కొలిచి, శుద్ధి చేసి, క్యాప్సూల్‌లో పెట్టిన మందు. సీసాలోని తైలం నాలుగైదు మిల్లీలీటర్లు కడుపులోకి పోయినా మూర్ఛలు రావచ్చు, చిన్నపిల్లలైతే మరీ ప్రమాదం.

వాపుని నిజంగా, వెంటనే తగ్గించే మొక్క ఒకటుంది, ఎఫెడ్రా. అందులోని ఎఫెడ్రిన్ రక్తనాళాలని బిగిస్తుంది. 1885లో జపాన్ శాస్త్రవేత్త నగాయి నగయోషి దాన్ని వేరు చేశాడు, జలుబు మాత్రల్లోని సూడోఎఫెడ్రిన్ కూడా ఆ కుటుంబందే. ముక్కులో నాళాలు బిగించేది ఒంట్లో మిగతా నాళాలనీ బిగిస్తుంది, బీపీ పెరుగుతుంది, గుండె దడ వస్తుంది. అమెరికాలో 2004లో ఎఫెడ్రా ఉన్న సప్లిమెంట్లని నిషేధించారు. ఇంట్లో దీని జోలికి వెళ్లొద్దు, ఎవరో ఎండుపుల్లలు తెచ్చిచ్చినా సరే. షాపులో కొన్న మందు కదా అన్నీ పనిచేస్తాయి అనుకోవద్దు కూడా. నోటితో వేసుకునే ఫినైలెఫ్రిన్ మాత్రలు ముక్కు దిబ్బడకి పనిచెయ్యవని 2023లో అమెరికా ఔషధ సంస్థ నిపుణుల కమిటీ తేల్చి చెప్పింది, అప్పటికి అవి దశాబ్దాలుగా అమ్ముడవుతున్నాయి.

కర్పూరం మెంథాల్ లాగే అనుభూతి ఇచ్చేది, విషం పాళ్లు ఎక్కువ. వాములో, థైమ్ అనే సుగంధ ఆకులో ఉండేది థైమాల్, ఘాటుగా ఉంటుంది, సూక్ష్మజీవుల్ని చంపుతుంది గానీ చర్మాన్ని కూడా మండిస్తుంది. తులసిలో యూజినాల్, లవంగంలో కూడా అదే. అల్లం, మిరియం వేడి పుట్టిస్తాయి, ముక్కు కారేలా చేస్తాయి, గట్టిపడ్డ చీమిడి కదులుతుంది. వీటి గురించి ఇంతకంటే పెద్దగా చెప్పడానికేం లేదు.

కాబట్టి కొలతల పుస్తకం తెరవకముందే ఒక వాక్యం రాసుకోండి: నాకు కావలసింది ఏమిటి? రాత్రి నిద్రపట్టడమా, పగలు పని మధ్యలో కాస్త ఊరటా, గట్టిపడ్డ చీమిడి బయటికి రావడమా. మొదటిదానికి బామ్, రెండోదానికి పీల్చే సీసా, మూడోదానికి ఉప్పునీళ్లు, వేడి కషాయం. మూడింటికీ ఒకే మందు చెయ్యబోతే ఏదీ సరిగ్గా రాదు. నా మొదటి బామ్‌లో తొమ్మిది రకాలు వేశాను. దద్దురు వచ్చింది, తొమ్మిదిలో దేనివల్లో ఈరోజుకీ తెలియదు.

సరుకు దగ్గరే సగం తప్పులు

తోటలో పుదీనా ఉంది కదా, నూనెలో మరగబెట్టి బామ్ చేసేస్తా అనుకుంటారు. రెండు ఇబ్బందులు. వంటకి వాడే పుదీనా చాలావరకు స్పియర్‌మింట్ జాతి, అందులో ఎక్కువగా ఉండేది కార్వోన్ అనే పదార్థం, వాసన బాగుంటుంది గానీ మెంథాల్ ఇచ్చే చల్లదనం ఉండదు. మెంథాల్ దండిగా ఉండేవి పెప్పర్‌మింట్, ఇంకా జపాన్ పుదీనా అనే రకం. పుదీనా పువ్వు ఎక్కువగా ఈ రెండోదాని నూనెని చల్లబరిచి తీస్తారు. ఇక పచ్చి ఆకులో సుగంధ తైలం వెయ్యి పాళ్లకి నాలుగైదు పాళ్లు ఉంటే గొప్ప. గుప్పెడు ఆకు నూనెలో వేస్తే వచ్చేది దాదాపు ఏమీ లేదు, ఆకులోని నీరు మాత్రం నూనెలో దిగి బూజు పట్టిస్తుంది.

నీలగిరిలో కూడా ఇదే తిరకాసు. ఆకు నలిపితే నిమ్మ వాసన వచ్చే రకం ఒకటుంది, అందులో ఉండేది సిట్రొనెల్లాల్, దోమలకి పనికొస్తుంది, ముక్కుకి కాదు. కొనేటప్పుడు యూకలిప్టస్ గ్లోబ్యులస్ అని, సినియోల్ 70 శాతానికి పైన అని రాసి ఉందా చూడండి. అగరొత్తులకి, దీపాలకి అమ్మే సెంటు నూనెలు, వెలిగించడానికి అమ్మే కర్పూరం బిళ్లలు ఒంటికి రాసుకునే సరుకు కాదు. ఆకు నుంచి తైలం మీరే బట్టీ పెట్టి తీస్తానంటే సరదాకి తియ్యండి, కానీ అందులో సినియోల్ ఎంతుందో తెలియదు కాబట్టి లెక్క ఎప్పుడూ కుదరదు. ఈ ఒక్క విషయంలో కొన్నదే మేలు.

బామ్ చెయ్యడం

50 గ్రాముల బామ్‌కి నేను వాడే లెక్క ఇది: వాసన లేని వంటనూనె 38.5 గ్రాములు, తేనె మైనం 9.5 గ్రాములు, పుదీనా పువ్వు 1 గ్రాము, నీలగిరి తైలం 1 గ్రాము. నూనెకి మైనం నాలుగింట ఒక వంతు, ఘాటు సరుకు మొత్తం కలిపి 4 శాతం. పోల్చుకోవడానికి చెబుతున్నా, అమెరికాలో అమ్మే విక్స్ వేపోరబ్‌లో కర్పూరం 4.8, మెంథాల్ 2.6, నీలగిరి తైలం 1.2 శాతం ఉంటాయి, మొత్తం మీద మనది దాంట్లో సగం కూడా లేదు, అదే మంచిది. కర్పూరం నేను పూర్తిగా మానేశాను. లేకపోయినా తేడా ఏం తెలియలేదు, ఇంట్లో భయం ఒకటి తగ్గింది.

చుక్కల లెక్క వద్దు. సీసా మూతని బట్టి చుక్క సైజు మారిపోతుంది, ఇరవై చుక్కలకి ఒక మిల్లీలీటరు అనేది ఊహే తప్ప కొలత కాదు. 0.1 గ్రాము చూపించే చిన్న త్రాసు ఒకటి కొనుక్కోండి.

గాజు గిన్నెలో నూనె, తురిమిన మైనం వేసి, ఆ గిన్నెని వేడినీళ్ల గిన్నెలో కూర్చోబెట్టండి. పొయ్యి మీద నేరుగా పెట్టొద్దు, మైక్రోవేవ్ అసలొద్దు. మైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి నీళ్లు తెర్లాల్సిన పని లేదు. కరిగాక ఒక స్టీలు చెంచాతో కాస్త తీసి ఆ చెంచాని చల్లటి చోట రెండు నిమిషాలు పెట్టి వేలితో నొక్కి చూడండి, రాయిలా ఉంటే కొంచెం నూనె, జారిపోతుంటే కొంచెం మైనం. ఈ సర్దుబాటు ఇప్పుడే చెయ్యాలి, ఘాటు సరుకు వేశాక మళ్లీ వేడి చేస్తే సగం గాల్లో కలిసిపోతుంది.

పక్కన చిన్న గాజు గ్లాసులో పుదీనా పువ్వు, నీలగిరి తైలం కలిపి ఉంచండి, పువ్వు మెల్లగా తైలంలో కరిగిపోతుంది. ఇక్కడొక ముచ్చట. పుదీనా పువ్వు, కర్పూరం, వాము పువ్వు (అంటే థైమాల్), మూడూ గట్టి పలుకులే, కలిపి ఒక సీసాలో వేసి కదిపితే పొయ్యి అవసరం లేకుండా నీళ్లలా అయిపోతాయి. ఒకదానితో ఒకటి కలిసినప్పుడు కరిగే ఉష్ణోగ్రత పడిపోవడం వల్ల అలా జరుగుతుంది. మొదటిసారి చూసినప్పుడు నేను సీసాలో నీళ్లు పడ్డాయనుకుని పారబోశాను!

ఇప్పుడు పొయ్యి ఆపేసి, గిన్నె బయటికి తీసి, అంచుల దగ్గర మైనం తెల్లబడడం మొదలయ్యేదాకా ఆగండి. అప్పుడు ఘాటు మిశ్రమం పోసి గబగబా కలిపి డబ్బాల్లో పోసెయ్యాలి. నీలగిరి తైలం ఆవిరి 50 డిగ్రీల చుట్టుపక్కలకే నిప్పు అంటుకోగలదు, అందుకే చుట్టుపక్కల మంట ఉండకూడదు. మొహం గిన్నె మీదికి వంచకండి, కళ్లద్దాలు లేకపోతే కళ్లు భగ్గుమంటాయి. కిటికీ తెరిచి పెట్టండి. ఇంట్లో పిల్లి ఉంటే ఆ గదిలోకి రానివ్వొద్దు, ఈ తైలాలు పిల్లుల ఒంటికి పడవు.

డబ్బాల మీద కాగితం కప్పి, చల్లారాకే మూత పెట్టండి, లేకపోతే మూత లోపల చెమ్మ చేరుతుంది. బామ్‌లో నీళ్లు లేనంతకాలం దానికి నిలవ మందు అక్కర్లేదు, తడి వేలు పెడితే ఆ లెక్క పోయినట్టే. మూత మీద తేదీ, పాళ్లు రాయండి. ఆరు నెలలు దాటితే లేదా పాత పెయింట్ వాసన వస్తే పారెయ్యండి, గాలి తగిలి పాతబడ్డ తైలాలే చర్మానికి ఎక్కువగా పడవు.

వాడేముందు మోచేతి మడతలో శనగగింజంత రాసి 24 నుంచి 48 గంటలు చూడండి. ఎర్రబడినా దురద పెట్టినా ఆ బామ్ మీది కాదు. రాసుకునే చోటు ఛాతీ, మెడ కింది భాగం. ముక్కు రంధ్రాల లోపల, కింద, పుండ్ల మీద, కాపడం పెట్టే చోట రాయకూడదు. రాశాక చేతులు సబ్బుతో కడుక్కోండి, లేకపోతే అర్ధరాత్రి కళ్లు నులుముకున్నాక నన్ను తిట్టుకుంటారు.

పిల్లల సంగతి. రెండేళ్లలోపు పిల్లలకి మెంథాల్, కర్పూరం, నీలగిరి దగ్గరికే రానివ్వొద్దు, మొహం దగ్గర పెడితే ఊపిరి బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. 2 నుంచి 11 ఏళ్ల పిల్లలు 138 మంది మీద చేసి 2010లో అచ్చువేసిన ఒక పరీక్షలో బజారు రబ్ రాసినవాళ్లు బాగా నిద్రపోయారని తేలింది, మంట, చిరాకు కూడా వాళ్లలోనే ఎక్కువ కనిపించాయి. అది కొలతలు కచ్చితంగా ఉన్న సరుకు. ఇంట్లో చేసిన దాన్ని ఆరేళ్లలోపు పిల్లలకి రాయకూడదని నా నియమం. ఉబ్బసం ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడిగాకే.

పీల్చే సీసా, ఆవిరి, కషాయం

పీల్చే సీసా ఐదు నిమిషాల పని. మూత గట్టిగా పట్టే చిన్న గాజు సీసాలో సగానికి రాళ్లుప్పు పోసి, నీలగిరి తైలం పది చుక్కలు, పెప్పర్‌మింట్ నూనె ఐదు చుక్కలు వెయ్యండి. ఇక్కడ చుక్కలు పర్లేదు, ఒంటికి తగలదు కాబట్టి. ఉప్పు తైలాన్ని పట్టి ఉంచుతుంది, ఒలకదు. ముక్కుకి అంగుళం దూరంలో పెట్టి రెండుసార్లు పీల్చి మూతెయ్యండి. గంటకి పదిసార్లు పీలిస్తే ముక్కు మొద్దుబారుతుంది తప్ప లాభం లేదు.

ఆవిరి గురించి చెబితే కొంతమందికి నచ్చదు. వేడి తేమ గాలి వల్ల జలుబుకి లాభం ఉందా అని జరిగిన పరీక్షలన్నీ కలిపి చూస్తే ఫలితాలు అటూ ఇటూగానే ఉన్నాయి, నమ్మకంగా లాభం ఉందని చెప్పేలా లేవు. మరోపక్క మరిగే నీళ్ల గిన్నె తిరగబడి కాళ్లు, ఒళ్లు కాల్చుకుని ఆసుపత్రికి చేరే పిల్లలు నిజంగా ఉన్నారు. హాయిగా ఉంటుంది కదా అంటే ఉంటుంది, నేనూ ఒప్పుకుంటా. అలాంటప్పుడు స్నానాల గదిలో వేడినీళ్లు వదిలి తలుపేసుకుని పది నిమిషాలు కూర్చోండి. దుప్పటి కప్పుకుని గిన్నె మీదికి వంగే పద్ధతే కావాలంటే నీళ్లు తెర్లడం ఆగాక, గిన్నె కదలని చోట, పెద్దవాళ్లు మాత్రమే. అందులో తైలం పొయ్యకండి, తైలం నీళ్లలో కలవదు, పైన తేలి ఒక్కసారిగా ఆవిరై కళ్లలో కొడుతుంది. నాలుగు ఆకులు వేస్తే చాలు.

కషాయానికి ఒకటే సూత్రం, మూత. వాము, తులసి, పెప్పర్‌మింట్, థైమ్, వీటిలో పనికొచ్చేదంతా ఆవిరైపోయే రకం, మూత తీసి పావుగంట మరిగిస్తే ఇల్లంతా వాసనొస్తుంది, గ్లాసులో మిగిలేది రంగు నీళ్లు. అల్లం తురుము మాత్రం ఐదారు నిమిషాలు మరగనిచ్చి, పొయ్యి ఆపాక ఆకులు వేసి, మూతపెట్టి పది నిమిషాలు వదలండి. మూతకి అంటిన నీటి చుక్కలు కూడా గ్లాసులోకే వంచండి. మన పళ్లెం సంగతి ఇక్కడా పనికొస్తుంది. 2008లో కార్డిఫ్‌లోనే జలుబు చేసిన 30 మందికి ఒక పళ్ల పానీయం వేడిగానూ మామూలుగానూ ఇచ్చి చూశారు. వేడిగా తాగినవాళ్లకి ముక్కు కారడం, దగ్గు, గొంతు నొప్పి, నీరసం తగ్గినట్టు అనిపించింది, ముక్కులో గాలి కొలత మాత్రం మారలేదు. అంటే కషాయంలో సగం బలం వేడిది, సగం రుచిది. అందుకని మీకు నచ్చే రుచిలోనే చేసుకోండి, చేదుగా ఉంటేనే మందు అన్న పట్టింపు అక్కర్లేదు. అతిమధురం వేసేవాళ్లు బీపీ ఉంటే మానెయ్యండి, రోజూ తాగితే బీపీ పెంచుతుంది.

ఉప్పునీళ్లు మొక్కల మందు కాదు గానీ వదిలెయ్యలేను. పళ్లెం మీద మచ్చ నిజంగా పెద్దదైంది నాకు దీనితోనే. అయోడిన్ కలపని ఉప్పు మూడు చెంచాలు, వంటసోడా ఒక చెంచా కలిపి డబ్బాలో పెట్టుకుని, అందులోంచి ఒక టీ చెంచా 240 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్లలో కలిపి ఒక రంధ్రంలోంచి పోసి రెండో దాంట్లోంచి వదలాలి. నీళ్లు మాత్రం డిస్టిల్డ్ అయినా ఉండాలి, లేదా ఒక నిమిషం బాగా తెర్లించి చల్లార్చినవైనా ఉండాలి, ఎత్తైన కొండ ప్రాంతమైతే మూడు నిమిషాలు. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీళ్లతో ముక్కు కడుక్కుని ఇద్దరు చనిపోయారు, నీళ్లలోని నైగ్లీరియా ఫౌలెరీ అనే అమీబా ముక్కు దారిన మెదడుకి చేరింది. అరుదే, కానీ నీళ్లు మరిగించడం ఎంత పని! ఈ నీళ్లలో ఏ ఆకు రసమూ, తైలమూ కలపకండి.

ముక్కులోకి వెళ్లకూడనివి

నూనె చుక్కలు మొదటివి. ముక్కులో వేసిన నూనె వెనక నుంచి జారి ఊపిరితిత్తుల్లో చేరుతుంది, దగ్గు కూడా రాదు, రోజూ వేస్తే అక్కడ పేరుకుని ఒక రకం నిమోనియా తెస్తుంది. ఇది 1925 నుంచీ వైద్యులకి తెలిసిన జబ్బు. వెల్లుల్లి రెబ్బలు దూర్చుకోవడం ఇప్పుడు ఫ్యాషన్. తీసినప్పుడు బొటబొటా కారేది లోపల పొర మండి కార్చిన నీరు, లోపల ఇరుక్కున్న జబ్బేదో బయటికి వచ్చినట్టు కాదు. పచ్చి వెల్లుల్లిని నూనెలో వేసి బయట నిలవ పెట్టడం ఇంకా ప్రమాదం, బొటులిజం విషం అక్కడే పుడుతుంది. మిరప ఘాటు, అంటే క్యాప్సైసిన్, ఒక రకం అలర్జీ కాని దిబ్బడకి పనిచేస్తుంది నిజమే, అది డాక్టర్లు కొలిచి ఇచ్చేది, వంటింటి కారంతో కాదు.

పనిచేసిందో లేదో ఎలా తేల్చాలి

ఒక నోటుపుస్తకం. రాసుకునే ముందు దిబ్బడకి సున్నా నుంచి పది వరకు మార్కు, పళ్లెం ఫోటో. పావుగంట తర్వాత మళ్లీ, గంట తర్వాత మళ్లీ. రాత్రి ఎన్నిసార్లు లేచారో పొద్దున రాయండి. ఈ రాత్రి రాసుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టానికి వదలకుండా నాణెం ఎగరెయ్యండి. లేకపోతే దిబ్బడ ఎక్కువున్న రాత్రి రాసుకుంటాం, తక్కువున్న రాత్రి మానేస్తాం, లెక్కంతా వంకరపోతుంది. పాళ్లు మార్చినప్పుడు ఒక్కటే మార్చండి, దానికి కొత్త నంబరు ఇవ్వండి.

నా పుస్తకంలో ఏడో నంబరు బామ్ రాసుకున్న రాత్రుల్లో హాయి మూడు మార్కుల నుంచి ఏడుకి పోయింది, పళ్లెం మచ్చలు ఉన్నచోటే ఉన్నాయి. ఉప్పునీళ్ల రాత్రుల్లో మార్కు ఐదు దాటలేదు, మచ్చ మాత్రం గంటసేపు పెద్దదైంది. ఇప్పుడు ముందు ఉప్పునీళ్లు, అరగంట ఆగి బామ్.

ఇంకో రకం మనుషుల కోసం ఒక మాట. షాపులో దొరికే ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ స్ప్రేలు మూడు నుంచి ఐదు రోజులు మించి వాడితే మందు ఆపగానే ముక్కు ఇంకా గట్టిగా మూసుకుపోతుంది, మళ్లీ కొట్టాల్సి వస్తుంది. నెలల తరబడి అది జేబులో పెట్టుకు తిరుగుతున్నవాళ్లు ఏ బామ్ చేసినా లాభం లేదు, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లి ఆ స్ప్రే నుంచి బయటపడాలి.

పది రోజులు దాటినా తగ్గకపోతే, తగ్గి మళ్లీ ఒక్కసారిగా ముదిరితే, కన్ను చుట్టూ వాచినా, తీవ్రమైన తలనొప్పి, జ్వరం వదలకపోయినా, పళ్లెం మీద వారాల తరబడి ఒకే వైపు మచ్చ పడకపోయినా, ఆ వైపు నుంచి రక్తం వచ్చినా బామ్ పక్కన పెట్టి డాక్టర్‌కి చూపించుకోండి. చిన్నపిల్లలకి ఒక్క ముక్కులోంచే దుర్వాసనతో చీమిడి వస్తుంటే అది జలుబు కాకపోవచ్చు, లోపల ఏ పూసో, గింజో ఇరుక్కుని ఉండొచ్చు. మీరు తియ్యబోతే ఇంకా లోపలికి పోతుంది, అలాగే తీసుకెళ్లండి.